నురగ కక్కిన రాయి

బిలం నోట్లోంచి వచ్చిన గాలి ముఖానికి కొట్టగానే అరిందముడు గిరుక్కున పక్కకు తిరిగి, పొద్దున తిన్నదంతా రాళ్ల మధ్య కక్కేశాడు.

"కానియ్యండి చిన్నదొరా, కానియ్యండి" అన్నాడు ఎర్రపోతు వీపు నిమురుతూ. "కడుపు ఖాళీ అయితే లోపల ఇబ్బంది ఉండదు. నాకు చూడండి, ఈ వాసనకు ఆకలి మొదలైంది."

"చిన్నదొరా అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఇక్కడ నేను మంత్రిగారి మేనల్లుణ్ణి. రాయబారిని."

"అట్లాగే చిన్నదొరా."

అరిందముడు మూతి తుడుచుకుని, తుడుచుకున్న గుడ్డను అసహ్యంగా చూసి, వేలి కొసలతో దూరంగా విసిరేశాడు. గండశిల రాజ్యపు చిన్న రాకుమారుడతను. ఎదుటివాడి గోట్లో మట్టి కనబడితే ఆ పూట భోజనం మానేసే రకం. ఎర్రపోతు అతని అంగరక్షకుడు. మీసాలు నెరిశాయి గానీ మెడ ఇంకా ఎద్దు మెడే. కదిలేది ఏదైనా తింటాడు. కదలనిది మాత్రం కాస్త ఆలోచించి తింటాడు.

వాళ్లు వచ్చిన పని చిన్నది కాదు. యువరాజు శూరవర్మ, అరిందముడి అన్న, పోయిన కార్తీకంలో సరిహద్దు దాటి వేటకు వెళ్లి తిరిగి రాలేదు. నెలలు గడిచాక ధూమ్రకంఠుడనే మాంత్రికుడి నుంచి కబురొచ్చింది: "మీ యువరాజును నల్లరాయిగా మార్చేశాను. రాజముద్రిక తెచ్చిస్తే మళ్లీ మనిషిని చేస్తాను." ఆ ఉంగరం పెట్టి తిప్పితే గండశిల దుర్గంలో తెరుచుకోని తలుపు లేదు. ఇస్తే రాజ్యం పోతుంది, ఇవ్వకపోతే అన్న పోతాడు. మంచం పట్టిన తండ్రి ఉంగరాన్ని అరిందముడి అరచేతిలో పెట్టి ఒకటే మాట అన్నాడు: "అన్నను తీసుకురా. దీన్నీ తీసుకురా."

ఆకాశం మూలల్లో మబ్బులు గేదెల్లా ముసురుకుంటున్నాయి. కొండల మీద ఎక్కడో అప్పటికే వాన మొదలైనట్టుంది.

గండశిలలో పుట్టినవాడికి ఈ సున్నపుసీమ నచ్చడం కష్టం. అక్కడి కొండలు నీళ్లు తాగి పడుకున్న ఏనుగుల మందలు. వాటి వీపుల మీద, ఏ రాక్షసుడి పిల్లలో ఆడుకుని మరిచిపోయినట్టు, గుండు మీద గుండు, దాని మీద మరో గుండు. వేల ఏళ్ల ఎండ కాల్చి, వేల ఏళ్ల వాన చల్లార్చి, ఉల్లిపాయను ఒలిచినట్టు పొర వెనక పొర ఊడదీసి వాటిని గుండ్రంగా తీర్చాయి. నెర్రెల్లోకి దిగిన తడి రాతిని మొరంగా కుళ్లబెట్టేది. మొరం వానకు కొట్టుకుపోయేది. గట్టి గుండె ఉన్న గుండు మాత్రం బయటపడి నిలిచేది. అక్కడ కొండ చచ్చినా ఎర్రనేల మిగులుతుంది, ఆ నేలలో జొన్న పండుతుంది.

ఇక్కడ అలా కాదు. వాననీరు కుళ్లిన ఆకుల పులుపును కలుపుకుని నేలలోకి దిగుతుంది, దిగిన చోటల్లా రాతిని బెల్లంలా కరిగించి తాగేస్తుంది. పైన మిగిలేది ఎలకలు కొరికి వదిలేసిన రొట్టె. ఎటు చూసినా కత్తి అంచులు, కన్నాలు, పాచి పట్టిన గుంటలు. నిండుగా పారుతున్న ఏరు ఉన్నట్టుండి గుటుక్కున నేలలోకి మాయమవుతుంది. కొండ చచ్చిన చోట మిగిలేది పెద్ద బొక్క.

ఆ బొక్క విలువ అరిందముడికి నిన్ననే తెలిసింది. గండశిలవాళ్లకు ఒక అలవాటుంది. కాలు పెట్టబోయే బండను వేలికణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే బండ గట్టిది. డబ్బుమంటే పైపొర ఊడింది, అంతే. పొర కింద మళ్లీ బండే ఉంటుంది గనక నిర్భయంగా నడుస్తారు. నిన్న దారిలో నేల డబ్బుమంది. "పొరేలే" అని గుర్రాన్ని అదిలించాడు. కింద బండ లేదు, అసలు ఏమీ లేదు. తను కొమ్మ పట్టుకుని వేలాడాడు గానీ గుర్రం, పట్టుబట్టల మూట, పన్నీరు బుడ్డి, అత్తరు సీసాలు అన్నీ పాతాళానికి పోయాయి. గుర్రం కోసం ఎర్రపోతు కన్నీళ్లు పెట్టుకున్నాడు. అరిందముడు గుర్రం కోసమూ ఏడ్చాడు, అత్తరు కోసమూ ఏడ్చాడు.

బిలం దగ్గర బూడిద పూసుకున్న కాపలావాళ్లు వాళ్లను ఆపి, కత్తులు లాక్కున్నారు. ఎర్రపోతు భుజాన ఉన్న సంచీ విప్పి చూసి తెల్లబోయారు.

"ఇదేంది?"

"పొత్రం. మా ఇంటి రోట్లోది" అన్నాడు ఎర్రపోతు. "మా దేశంలో ఎల్ల దాటినోడు ఇంటి పొత్రం వెంట తెచ్చుకోకపోతే ఆడోళ్లు అన్నం పెట్టరు. ఊరుగాని ఊళ్లో పచ్చడి ఎవుడు నూరిపెడతాడు? నువ్వు పెడతావా?"

"దీన్ని మోసుకుని వచ్చినవా ఇంత దూరం? తలకాయ ఉందా నీకు?"

"ఉంది. దానికే పచ్చడి కావాలి."

కాపలావాళ్లు పకపకా నవ్వి, మనిషి తలకాయంత ఉన్న ఆ నల్లరాతి పొత్రాన్ని తిరిగి సంచీలో పడేశారు.

లోపల అడుగు పెట్టగానే కాలు మడమ దాకా దిగింది. మెత్తగా, వెచ్చగా ఉంది. అరిందముడు దివిటీ వెలుగులో కిందకు చూశాడు. నేలంతా గబ్బిలాల పెంట. దాని మీద బొద్దింకలు, వేళ్లంత జెర్రులు, పేరు తెలియని తెల్లటి గుడ్డి పురుగులు నేలే నడుస్తున్నట్టు కదులుతున్నాయి. పై కప్పు నుంచి వేలాడుతున్న గబ్బిలాలు ఎడతెగకుండా మీద ఏదో రాలుస్తున్నాయి. అదేమిటో ఆలోచించకూడదని అరిందముడు ఒట్టు పెట్టుకున్నాడు. మెడ మీద ఒక చుక్క పడింది. వెచ్చగా ఉంది. ఒట్టు గట్టున పెట్టి మళ్లీ కక్కాడు.

"ఇంకా మిగిలిందా!" అని ఆశ్చర్యపోయాడు ఎర్రపోతు.

పెంట మడుగు దాటితే బిలం ఒక్కసారిగా రాజసభలా విచ్చుకుంది. కప్పు నుంచి దిగిన రాతి జల్లులు, నేల నుంచి లేచిన రాతి మొగ్గలు, రెండూ కలిసిన చోట ఐరావతం కాళ్లలాంటి స్తంభాలు. గోడల మీద పాలమీగడ గడ్డకట్టినట్టు తెల్లటి మడతలు. ఎక్కడ చూసినా టప్, టప్ అని బొట్లు. కొండను తిన్న నీరే బొట్టు బొట్టుగా దాన్ని మళ్లీ ఇక్కడ కక్కుతోంది. దివిటీల వెలుగు పడినప్పుడు ఆ రాతి మీద వేయి నక్షత్రాలు మెరిశాయి. ఇంత అందమైన చోటుకు ఇంత వెధవ వాసన ఎందుకు పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి అనుకున్నాడు అరిందముడు.

సభ మధ్యలో పులితోలు మీద ధూమ్రకంఠుడు కూర్చుని ఉన్నాడు. జుట్టు జిగురు పట్టి తాళ్లుగా వేలాడుతోంది. చేతి గోళ్లు పొట్టేలు కొమ్ముల్లా మెలి తిరిగాయి. వేయించిన గబ్బిలం రెక్క ఒకటి కరకర నములుతూ, నూనె వేళ్లను గడ్డానికి రాసుకున్నాడు.

"రా రా, గండశిల రాయబారీ! తీర్థం పుచ్చుకో."

పుర్రె చిప్పలో ఏవో నీళ్లు. వాటిలో ఏదో ఈదుతోంది. అరిందముడి కళ్లు తేలిపోవడం చూసి ఎర్రపోతు చిప్ప అందుకుని గటగటా తాగేశాడు.

"మా రాయబారిగారికి ఉపవాసం స్వామీ" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

మాంత్రికుడు కిలకిలా నవ్వి, చేయి ఊపాడు. శిష్యులు పక్కనున్న నల్లతెర లాగారు.

నల్లగా నిగనిగలాడుతూ ఒక మనిషి ఎత్తు శిల. ముఖం కరిగిపోయినట్టుంది గానీ ఆ తలపాగా, కుడిచెవి మీదకు వాల్చి చుట్టిన ఆ తీరు... గండశిల మొత్తంలో అలా చుట్టేది ఒక్క శూరవర్మే. నడుముకు వేటకత్తి ఆకారం కూడా రాతిలో తేలి కనిపిస్తోంది.

"మీ దేశపు రాతిగానే మార్చాను. పరాయి రాతిలో ఉంచితే రాకుమారుడికి మర్యాద కాదు కదా!" అన్నాడు ధూమ్రకంఠుడు. పళ్లెంలోని నిమ్మకాయ తీసి, గోటితో చీల్చి, శిల నెత్తిన పిండాడు. రసం జారిన దారి పొడవునా రాయి బుసబుసమని తెల్లగా పొంగింది.

"చూశావా? లోపల ప్రాణం నురగ కక్కుతోంది! పొద్దు గుంకేలోపు ముద్రిక నా చేతిలో పడకపోతే ఆ నురగ కూడా ఆగిపోతుంది. తియ్యి!"

అరిందముడి చేయి దానంతట అదే నడికట్టులోకి వెళ్లింది. ఉంగరం వేళ్లకు తగిలింది. రాజ్యం పోతే పోనీ, నురగ కక్కుతున్నవాడు అన్న. వేళ్లు బిగిశాయి. అంతలో ముక్కుకు నిమ్మపులుపు సోకింది. దాని వెంటే ఒక గయ్యాళి గొంతు గుర్తొచ్చింది.

మొన్న సరిహద్దు ఊళ్లో పూటకూళ్లమ్మ ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. పులుసులో ఈగ కనబడగానే అరిందముడు గిన్నె నేల మీదకు ఒంచేశాడు. ఆవిడ చీపురు పట్టుకుని మీదకొచ్చింది. "ఏమయ్యో, నీ నేలనుకున్నావా? ఇది నాపరాయి! పులుపు పడితే బుసబుస పొంగి తెల్లబడతది, బండ పాడైపోతది. ఈగను తీసి అవతల పారేసి తింటే నీ సొమ్మేం పోయింది?" అంది. నిజంగానే నేల పొంగింది.

గండశిల అంతఃపుర వంటశాలలో నల్లరాతి రోట్లో తాతల కాలం నుంచి చింతకాయ నూరుతున్నారు. ఆ రోలు ఒక్కనాడైనా పొంగిందా?

అరిందముడు ఉంగరాన్ని వదిలేసి, ఖాళీ చెయ్యి బయటికి తీశాడు. పళ్లెంలోంచి ఇంకో నిమ్మచెక్క అందుకుని, పక్కనే ఉన్న స్తంభం మీద పిండాడు. స్తంభమూ బుసబుసమని పొంగింది.

"స్వామీ, ఈ స్తంభంలో ఎవరున్నారు? మీ నాన్నగారా?"

ధూమ్రకంఠుడి నోట్లోంచి గబ్బిలం రెక్క జారి గడ్డం మీద పడింది.

"ఎర్రపోతూ, పొత్రం!"

ఎర్రపోతు సంచీని గిరగిరా తిప్పి శిల పొట్టకేసి కొట్టాడు. సున్నపు పెంకు కుండలా పగిలింది. లోపలి నుంచి చీకిపోయిన గడ్డి, మసి కారే నూనెగుడ్డలు, ఎలకల గూడు బొళుక్కున జారాయి. కళ్లు తెరవని ఎలకపిల్లలు అరిందముడి పాదాల మీద పడి గులాబీరంగు పేగుల్లా మెలికలు తిరిగాయి. కక్కడానికి అతని కడుపులో ఇంక ఏమీ లేదు. బొట్టు కింద గడ్డిబొమ్మను నిలబెట్టి, నెలల తరబడి సున్నం పేరుకోనిచ్చి, పైన మసీ నూనే పూసిన పనితనమది. బొమ్మకు చుట్టిన తలపాగా మాత్రం అన్నదే.

"ఇట్లాంటి దొంగబొమ్మ కోసమా చిన్నదొరా మనం ఇంతసేపు ఈ కంపు భరించింది!" అని గర్జించాడు ఎర్రపోతు.

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"చిన్నదొరా!" ధూమ్రకంఠుడు లేచి నిలబడ్డాడు. నవ్వుతుంటే పసుపుపచ్చని చిగుళ్ల దాకా కనిపించాయి. "ఒకడి కోసం వలేస్తే ఇద్దరు పడ్డారు. పట్టుకోండిరా! ఉంగరం వాడి ఒంటి మీదే ఉంది, తోలు వలిచైనా తియ్యండి!"

బూడిద పూసుకున్న శిష్యులు శూలాలతో నాలుగువైపులా కమ్ముకున్నారు. అరిందముడు ఉంగరాన్ని లాగి నోట్లో వేసుకున్నాడు. ఎర్రపోతు పొత్రం సంచీని వడిసెలలా తిప్పుతూ ఒకణ్ణి స్తంభానికి అతికించాడు, ఇంకొకడి శూలాన్ని రెండు ముక్కలు చేశాడు. అయినా వాళ్లు వస్తూనే ఉన్నారు. వెనక్కి, ఇంకా వెనక్కి. వీపుకు గోడ తగిలింది.

అరిందముడు మోకాలి మీద కూలబడ్డాడు. భయంలో చిన్నప్పటి అలవాటు పైకొచ్చి, వేలికణుపు నేలను తట్టింది. డబ్బుమంది. నిన్న గుర్రం పోయిన చోట వచ్చిన చప్పుడు ఇదే. ఇక్కడ డబ్బుమంటే కింద ఏమీ లేదు.

అతను రెండోసారి తట్టేలోపు కింద నుంచి జవాబు వచ్చింది.

టకటక. ఊపిరి పీల్చినంత ఎడం. టక.

గండశిలలో పొద్దున లేచినవాడు పడుకున్న బండను తట్టి లేస్తాడు. ఒక్కొక్కరి తట్టు ఒక్కో తీరు. పక్క గదిలో పడుకుని పాతికేళ్లుగా ప్రతి ఉదయం అరిందముడు విన్న తట్టు ఇది. అన్న బతికే ఉన్నాడు, ఈ నేల కిందే ఉన్నాడు.

నోట్లో ఉంగరం ఉంది గనక మాటలు లేవు. అరిందముడు ఎర్రపోతు పంచె పట్టుకు లాగి నేలను చూపించాడు. ఎర్రపోతు ఒక్క క్షణం నేలనూ, ఒక్క క్షణం శూలాలనూ చూశాడు. రెండు చేతులతో పొత్రాన్ని తలపైకెత్తి దబ్బున దింపాడు. నేల పెళ్లుమని నెర్రెలిచ్చింది. శిష్యులు కెవ్వున వెనక్కి దూకారు. రెండో దెబ్బకు ఇద్దరి కాళ్ల కింది ప్రపంచం మాయమైంది.

పడింది మెత్తటి చోటే. ఎంత మెత్తటిదంటే, అరిందముడు రొమ్ము దాకా కూరుకుపోయాడు. ఏళ్ల తరబడి పోగైన పెంట. వెచ్చగా ఆవిరి కక్కుతోంది. పురుగులు మెడ మీదకు, చెవుల్లోకి పాకుతున్నాయి. నోరు తెరిస్తే ఉంగరం పోతుంది. అందుకని ముక్కుతోనే పీల్చాలి. ఇలాంటి శిక్ష ఏ నరకంలోనూ విధించరని అతనికి ఖాయంగా తోచింది.

"ఎవరది?" చీకట్లోంచి బొంగురు గొంతు. "తట్టడమైతే నా తమ్ముడిలాగే తట్టావు. కానీ అత్తరు వాసన లేదే!"

అరిందముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతికి అందిన రాతిని తన తీరులో తట్టాడు.

"నువ్వేనా! ఇక్కడా! ఈ పెంటలో!" శూరవర్మ నవ్వు దగ్గుగా మారింది. "ఉంగరం ఎక్కడ? ఏ తలుపు దగ్గర దాన్ని ఎలా తిప్పాలో నేను చెప్పాలని వాడు నన్ను ప్రాణంతో ఉంచాడు. నేను చెప్పలేదు."

"చిన్నదొర నోట్లో ఉంది బాబూ" అన్నాడు ఎర్రపోతు, పెంటను చేతులతో చీల్చుకుంటూ. శూరవర్మ కాలి గొలుసు ఒక రాతి స్తంభానికి చుట్టి ఉంది. నల్లరాయి సున్నపురాతి మీద పడితే ఎవరు ఓడతారో ఎర్రపోతుకు చెప్పక్కర్లేదు. నాలుగు దెబ్బలకు స్తంభం విరిగి గొలుసు ఊడింది.

అప్పుడే గోడల లోపల ఎక్కడో ఏనుగుల మంద పరుగెత్తుతున్నట్టు చప్పుడు మొదలైంది.

"వాన నీళ్లు" అన్నాడు శూరవర్మ. గొంతులో నవ్వు పోయింది. "కొండ మీద పడ్డదంతా ఇటే వస్తుంది. ఈ గది కప్పు దాకా నిండుతుంది. తర్వాత అదిగో, ఆ మూల పెంట అడుగున ఉన్న కన్నంలోంచి ఒక్క గుటకలో బయటికి పోతుంది. పోయినసారి గొలుసు నన్ను పోనివ్వలేదు. కప్పుకు ముక్కు ఆనించి బతికాను. ఆ కన్నం ఎటు తేలుతుందో మాత్రం తెలియదు."

పై నుంచి దివిటీ వెలుగు పడింది. విరిగిన నేల అంచున ధూమ్రకంఠుడి తల. అతని చేతిలోంచి ఒక తాడు జారి అరిందముడి ముఖం ముందు వేలాడింది. తెల్లటి, పొడి, శుభ్రమైన నూలుతాడు.

"రాకుమారా! నీకు ఈ చోటు తగదు. ఉంగరం పైకి విసిరేయి, ముగ్గురినీ లాగేస్తాను. స్నానానికి వేన్నీళ్లు కాచి ఉన్నాయి. పన్నీరు కలిపించమంటావా?"

అరిందముడు తాడు వంక చూశాడు. వేన్నీళ్లు, పన్నీరు. రొమ్ము మీద జెర్రి ఒకటి నింపాదిగా ఎడమ నుంచి కుడికి వెళుతోంది. గోడ పగుళ్లలోంచి మొదటి నీళ్లు బుస్సున చిమ్మాయి.

"ఏం చెప్పమంటారు చిన్నదొరా వాడికి?" అన్నాడు ఎర్రపోతు.

అరిందముడు రెండు చేతులూ పెంటలో ముంచాడు. వేళ్ల సందుల్లోంచి కారేంత నిండుగా ఒక ముద్ద చేశాడు. చిన్నప్పుడు అన్నతో కలిసి గుండ్ల మీద నుంచి రాళ్లు విసిరిన ఒడుపు చేతికి గుర్తుంది. ముద్ద సూటిగా వెళ్లి, తెరిచి ఉన్న మాంత్రికుడి నోట్లో చప్పుమని పడింది.

"శభాష్ తమ్ముడూ! ఇక నా నడుం పట్టుకో!"

నీళ్లు వచ్చేశాయి. పెంట, పురుగులు, నురగ, విరిగిన రాళ్లు అన్నీ ఒకే గోధుమరంగు గోడగా లేచాయి. అరిందముడు ఒక చేత్తో అన్న నడుం పట్టుకున్నాడు. ఇంకో చేయి అలవాటుగా ముక్కు మూసుకోవడానికి లేచింది. దాన్ని మధ్యలోనే దింపి, వెనక మునిగిపోతున్న ఎర్రపోతు జుట్టు పట్టుకున్నాడు.

ఉంగరాన్ని పళ్ల మధ్య బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని, గండశిల చిన్న రాకుమారుడు తల ముందుగా ఆ మూల కన్నం వైపు లాగుతున్న సుడిలోకి దూకాడు. కొండ ఒక్క గుటక వేసింది.